ఎడిన్‌బరో పాత పబ్బుల మీదుగా ఒక పూట నడక: అమ్మానాన్నలను తీసుకెళ్ళవచ్చా?

బందరు వాసి (ఫాల్కర్క్)

అందరికీ నమస్కారం. మా అమ్మానాన్నలు వచ్చే నెల మచిలీపట్నం నుంచి వస్తున్నారు. నాన్నగారు ముప్ఫై మూడేళ్ళు హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యారు. కోట, హోలీరూడ్ రాజభవనం ఎలాగూ చూపిస్తాను. ఆయన మాత్రం ఫోను చేసినప్పుడల్లా ఒకటే అడుగుతున్నారు: "జేమ్స్ వాట్ బొమ్మ గోడకు పెట్టిన హోటలు ఏదో ఎడిన్‌బరోలో ఉందట, అది చూపిస్తావా?" వెతికి చూస్తే అది హోటలు కాదు, కేఫ్ రాయల్ అనే పబ్బు.

ఇద్దరూ మందు ముట్టరు. అమ్మ అయితే బారు అన్న మాట వింటేనే ముఖం తిప్పుకుంటుంది. తాగకుండా లోపలికి వెళ్ళి గోడలు చూసి రావడం అక్కడ మర్యాదేనా? చుట్టుపక్కల ఇలా చూడదగ్గవి ఇంకా ఉంటే ఒకే పూటలో కలిపి చూపించాలని ఉంది. నాన్నగారికి మోకాళ్ళ నొప్పి. రెండు కిలోమీటర్లకు మించి నడవలేరు, ఎత్తు అసలే ఎక్కలేరు.

లీత్ తెలుగు (ఎడిన్‌బరో)

తప్పకుండా తీసుకెళ్ళండి. పద్నాలుగేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నాను. మన వాళ్ళు ఎవరు వచ్చినా నేను మొదట చూపించేది కోట కాదు, ఈ నడకే. కోట బయటి నుంచి కూడా కనిపిస్తుంది. ఇవి తలుపు తోసి లోపలికి వెళితే తప్ప కనిపించవు.

మీరు ఫాల్కర్క్ నుంచి రైల్లో వస్తారు కాబట్టి వేవర్లీ స్టేషనులో దిగుతారు. పైకి రావడానికి మెట్లు వద్దు, లిఫ్టు ఉంది. బయటికి రాగానే బాల్మోరల్ హోటలు గడియారం చూసి మీ చేతి గడియారం సరిచేసుకోవద్దు. రైలు తప్పిపోకూడదని దాన్ని మూడు నిమిషాలు ముందుకు పెడతారు, ఒక్క డిసెంబరు 31 రాత్రి తప్ప. రోడ్డు దాటితే రాబర్ట్ ఆడమ్ కట్టిన రిజిస్టర్ హౌస్. 1774లో మొదలుపెట్టారు, స్కాట్లండ్ పాత దస్తావేజులు ఉండేది అందులోనే. దాని వెనక సన్నటి వీధి వెస్ట్ రిజిస్టర్ స్ట్రీట్. మీ నడకలో సగం విలువ ఆ ఒక్క వీధిలోనే ఉంది.

మొదట గిల్డ్‌ఫర్డ్ ఆర్మ్స్, 1896 నాటిది. లోపలికి వెళ్ళగానే ఎవరైనా తల పైకెత్తుతారు. ఆ పైకప్పు సున్నపు నగిషీ మన పాత జమీందారు మేడల్లోని దర్బారు హాలుకు తీసిపోదు. అక్కడ పది నిమిషాలు చాలు.

రెండు అడుగుల దూరంలో కేఫ్ రాయల్. ఇక్కడ మాత్రం తొందరపడవద్దు. కట్టడం 1860ల నాటిది. మొదట గ్యాసు దీపాలు, స్నానాల గది సామగ్రి చూపించి అమ్మడానికి కట్టారని చెబుతారు, కానీ అది తెరుచుకున్నప్పటి నుంచీ తినుబండారాలు, పానీయాలే. గోడకు ఉన్నవి మామూలు రంగుబొమ్మలు కావు. డౌల్టన్ కంపెనీ కాల్చి తయారుచేసిన పింగాణీ పలకల చిత్రాలు, గీసినది జాన్ ఐర్. 1885లో లండన్‌లో జరిగిన ఆవిష్కరణల ప్రదర్శనలో పెట్టి, తరువాత ఇక్కడికి తెచ్చారు. బారు గదిలో ఆరుగురు ఉంటారు: ఫారడే, ఫ్రాంక్లిన్, స్టీఫెన్సన్, కాక్స్‌టన్, పీల్, మీ నాన్నగారు అడిగిన వాట్. దగ్గరికి వెళ్ళి చూస్తే పలకకూ పలకకూ మధ్య గీత కనిపిస్తుంది. నాలుగడుగులు వెనక్కి వేస్తే ఆ గీతలన్నీ కలిసిపోయి మనిషి ముఖం మిగులుతుంది. నాకు ఎన్నిసార్లు చూసినా తనివితీరలేదు.

నల్లటి చెక్క తెర అవతల ఆయిస్టర్ బారు. అది భోజనాల గది. అక్కడ ఆటగాళ్ళ బొమ్మలతో ఎనిమిది రంగుగాజు కిటికీలున్నాయి, ఒక దానిలో క్రికెట్ ఆటగాడు. గుమ్మం దగ్గర నిలబడి అడిగితే చూడనిస్తారు.

ఈ భవనం ఇంకా నిలబడి ఉండడమే గొప్ప. 1960ల చివర్లో పక్కనే ఉన్న పెద్ద దుకాణం విస్తరణ కోసం దీన్ని కలుపుకోవాలని చూస్తే ఊరి జనం సంతకాలు సేకరించి అడ్డుపడ్డారు. 1970లో రక్షిత కట్టడాల జాబితాలో చేర్చడంతో గండం గడిచింది.

అక్కడి నుంచి సెయింట్ ఆండ్రూ స్క్వేర్ అంచు మీదుగా రోజ్ స్ట్రీట్. చదునైన దారి. 1767లో జేమ్స్ క్రెయిగ్ కొత్త పట్టణానికి పటం గీసినప్పుడు రెండు పెద్ద వీధుల మధ్య చేతిపనివాళ్ళకు, చిన్న వ్యాపారులకు ఈ సన్నని వీధిని వదిలాడు. ఇంగ్లండ్ గుర్తుగా దీనికి గులాబీ పేరు, స్కాట్లండ్ గుర్తుగా అవతలి వీధికి థిసిల్ అనే ముళ్ళపువ్వు పేరు. వీధి మొదట్లోనే అబ్బట్స్‌ఫర్డ్, 1902 నాటిది. గది నడిమధ్యలో దీవిలా మహాగని చెక్క కౌంటరు, దాని మధ్యలో చెక్కిన స్తంభాలతో విస్కీ సీసాల అరలు. ఆ అరలను ఇక్కడ గ్యాంట్రీ అంటారు. ఇంకొంచెం ముందుకు వెళితే కెనిల్‌వర్త్. నీలం, తెలుపు పలకల గోడలతో ఎత్తైన గది.

వేవర్లీ స్టేషను, అబ్బట్స్‌ఫర్డ్, కెనిల్‌వర్త్, ఈ మూడు పేర్లూ వాల్టర్ స్కాట్ నుంచి వచ్చినవే. ఒకటి నవల, ఒకటి ఆయన ఇల్లు, ఇంకొకటి మరో నవల. మీ నాన్నగారికి ఇది ముందుగా చెప్పకండి, ఆయనే కనిపెడతారేమో చూడండి.

మొత్తం దూరం సుమారు కిలోమీటరు.

కొత్త విద్యార్థి (ఎడిన్‌బరో)

మంచి దారి చెప్పారు. కానీ ఇవన్నీ నూట ఇరవై నుంచి నూట అరవై ఏళ్ళ నాటివి కదా? చారిత్రక పబ్బు అంటే 1360 అని చెప్పుకునే షీప్ హీడ్, గ్రాస్‌మార్కెట్‌లో 1516 అని బోర్డున్న వైట్ హార్ట్ చూపించాలి కదా? చరిత్ర మాస్టారికి ఇవి ఎక్కువ నచ్చుతాయి అనిపిస్తోంది.

పాత కాగితాలు (గ్లాస్గో)

చరిత్ర మాస్టారు కాబట్టే కాస్త జాగ్రత్తగా చెప్పాలి.

ఆ సంవత్సరాలు ఆ చోట సత్రమో పానశాలో ఉండేదన్న సంప్రదాయాన్ని చెబుతాయి. మన కళ్ళకు కనిపించే గోడ, చెక్క, కిటికీ అప్పటివి కావు. మన ఊళ్ళలో త్రేతాయుగం నాటి గుడి అని చెప్పి 1960లో పోసిన సిమెంటు మండపం చూపించినట్టే. సంప్రదాయాన్ని తక్కువ చేయడం లేదు. వైట్ హార్ట్‌లో రాబర్ట్ బర్న్స్ 1791లో బస చేశాడు, 1803లో వర్డ్స్‌వర్త్, ఆయన చెల్లెలు దిగారు. అది చాలు దాని గొప్పతనానికి. షీప్ హీడ్ డడింగ్‌స్టన్‌లో ఉంది, ఊరికి దూరం, నడకలో కలవదు. అక్కడ స్కిటిల్స్ అనే, బంతి దొర్లించి చెక్క గుంజలు పడగొట్టే ఆటకు ఉన్న పాత ఆటస్థలం చూడడానికి వేరే రోజు పెట్టుకోవచ్చు.

లీత్ తెలుగు గారు చెప్పిన నాలుగూ ఎందుకంత ఆడంబరంగా ఉంటాయో కూడా మాస్టారికి చెప్పండి. 19వ శతాబ్దం చివర్లో మద్యపాన వ్యతిరేకోద్యమం బలంగా ఉంది, లైసెన్సు ఇవ్వడం, రద్దుచేయడం మేజిస్ట్రేట్ల చేతిలో ఉంది. "మాది తాగుబోతుల కొంప కాదు, పెద్దమనుషులు వచ్చే చోటు" అని నిరూపించుకోవడానికి యజమానులు అద్దాలకు, పలకలకు, మహాగని చెక్కకు డబ్బు కుమ్మరించారు. నడిమధ్య దీవి కౌంటరు కూడా అందం కోసం మాత్రమే కాదు. మేజిస్ట్రేట్లకు కంటికి కనబడని మూలలు, చాటు గదులు నచ్చేవి కావు. మధ్యలో నిలబడిన వ్యక్తికి గది నాలుగు వైపులా కనిపించాలి. చట్టం చెక్కలో ఎలా రూపం దాల్చిందో చూడాలంటే అబ్బట్స్‌ఫర్డ్‌లో ఒక నిమిషం ఆ కౌంటరు చుట్టూ తిరిగితే చాలు.

నెల్లూరు ఆడపడుచు (అబర్డీన్)

నా మాట కొందరికి నచ్చకపోవచ్చు, అయినా చెబుతాను. 1992లో దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం లేచినప్పుడు నేను తొమ్మిదో తరగతి. మా అమ్మ, మా పెద్దమ్మ చీపురుకట్టలు పట్టుకొని సారా దుకాణం ముందు కూర్చున్నారు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చిన రోజు మా వీధిలో పండగ చేసుకున్నారు. నేను ఈ దేశంలో ఇన్నేళ్ళుండి ఒక్కసారి కూడా పబ్బు గడప తొక్కలేదు. పింగాణీ పలకలు ఎంత అందంగా ఉన్నా, ఆ గోడల మధ్య ఎన్ని ఇళ్ళ కూలిడబ్బులు కరిగిపోయాయో అన్నదే నాకు ముందు గుర్తొస్తుంది. బందరు వాసి గారూ, మీ అమ్మగారు వద్దంటే బలవంతపెట్టకండి. అంతే.

డండీ డాక్టరు (డండీ)

అమ్మా, మీ మాట నచ్చకపోవడం ఏమీ లేదు. నేను 1974లో డండీకి వచ్చాను. జనపనార మిల్లుల ఊరు. శుక్రవారం జీతం అందుకొని శనివారం ఉత్త చేతులతో ఇల్లు చేరిన వాళ్ళ భార్యలకు, పిల్లలకు వైద్యం చేసినవాణ్ణి. మీ అమ్మగారి కోపం ఇక్కడి ఆడవాళ్ళకూ ఉండేది. 1913లో వచ్చిన చట్టం ప్రకారం ఏ ఊరికి ఆ ఊరు ఓటు వేసి పబ్బులు మూసేసుకునే వీలుండేది. ఉత్తరాన విక్ అనే రేవు పట్నం అలా ఓటు వేసి 1922 నుంచి 1947 వరకు మద్యం లేకుండా ఉంది.

నేను వచ్చిన కొత్తలో రాత్రి పది కొట్టగానే పబ్బులు కట్టేసేవారు. ఆదివారం అసలు తెరిచేవారు కాదు, 1853 నుంచీ అదే చట్టం. 1976 చట్టం తరువాతే ఇవన్నీ సడలాయి. తొమ్మిదిన్నర నుంచి పది వరకు లోపలి తొక్కిసలాట చూసి తీరాలి. గడియారం చూసుకుంటూ, నిలబడే, గొంతులో పోసుకునేవారు. మాట్లాడుకోవడానికి వచ్చిన మనిషి కనిపించేవాడు కాదు. చాలా పబ్బుల్లో ఆడవాళ్ళకు మరుగుదొడ్డే ఉండేది కాదు, అంటే రావద్దని చెప్పకనే చెప్పినట్టు. పైకప్పు సిగరెట్ పొగకు బెల్లం రంగు తిరిగి ఉండేది. 2006 మార్చి 26న పొగ నిషేధం వచ్చాకే ఆ నగిషీలు కడిగి బయటపడ్డాయి.

ఇప్పుడు మధ్యాహ్నం పూట వెళితే పసిబిడ్డను ఒళ్ళో పెట్టుకొని టీ తాగే తల్లులు, పత్రిక చదువుకునే నా వయసు వాళ్ళు కనిపిస్తారు. రెండూ నిజమే, ఆ పాతదీ ఈ కొత్తదీ. మీరు వెళ్ళాలని నేను అనను. బందరు వాసి గారి అమ్మగారికి మాత్రం ముందే రెండూ చెప్పి, నిర్ణయం ఆమెకే వదిలెయ్యమంటాను.

లీత్ తెలుగు (ఎడిన్‌బరో)

డాక్టరు గారూ, ధన్యవాదాలు. ఆడపడుచు గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను.

తాగకుండా వెళ్ళడం మర్యాదేనా అని అడిగారు కదా. నిస్సంకోచంగా వెళ్ళవచ్చు. ఊరికే ఫొటోలు తీసి వచ్చేస్తే బాగుండదు. కౌంటరు దగ్గరికి మీరే వెళ్ళి కాఫీయో, నారింజ రసమో, ఐర్న్-బ్రూ అనే ఇక్కడి కూల్‌డ్రింకో తీసుకొని ముందే డబ్బు కట్టి బల్ల దగ్గరికి తెచ్చుకోవాలి. ఇక్కడ వరుస కనిపించదు గాని, ఎవరి తరువాత ఎవరో లోపలివాళ్ళ మనసులో ఉంటుంది. పక్కాయన మీకంటే ముందొస్తే "ఆయన ముందు" అని చూపించండి, ఆ ఒక్క మాటతో మీకు అక్కడ గౌరవం వస్తుంది. వారాంతం వద్దు. పని రోజు, తెరిచిన వెంటనే, పన్నెండు లోపు వెళితే గది దాదాపు ఖాళీగా ఉండి గోడలన్నీ మీవే. ఆగస్టులో ఉత్సవాల రద్దీ, అప్పుడు అస్సలు వద్దు. మరుగుదొడ్లు చాలా పాత పబ్బుల్లో మెట్లు దిగి ఉంటాయి, నాన్నగారి మోకాళ్ళ కోసం స్టేషనులోనే పని చూసుకొని బయల్దేరండి.

తిండి సంగతి: హాగిస్ అంటే గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు సన్నగా తరిగి ఓట్సు, మిరియాలతో వండేది. బోటీ కూర తినే ఇంట్లో పెరిగినవాళ్ళకు కొత్తగా ఉండదు. శాకాహార హాగిస్ కూడా చాలాచోట్ల దొరుకుతుంది, పప్పులతో చేస్తారు.

బందరు వాసి (ఫాల్కర్క్)

అందరికీ ధన్యవాదాలు. ఆడపడుచు గారి పోస్టు, డాక్టరు గారి పోస్టు రెండూ అమ్మకు ఫోనులో చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తరువాత "ఆ అమ్మాయి చెప్పింది నిజమే. అయినా మీ నాన్న ఒక్కడే వెళితే నేను బయట చలిలో నిలబడాలా? వస్తాలే" అంది.

ఇంకొక సందేహం. కోట నుంచి హోలీరూడ్ దాకా కిందికి దిగే పాత వీధి, రాయల్ మైల్ వైపు కూడా కొన్ని చూపించవచ్చా? టాక్సీలో పైకి తీసుకెళ్ళి కిందికి నడిపిస్తే ఎత్తు ఎక్కే పని ఉండదు.

కొత్త విద్యార్థి (ఎడిన్‌బరో)

అయితే రాయల్ మైల్ పై భాగం లాన్‌మార్కెట్‌లో డీకన్ బ్రోడీస్ టావెర్న్ దగ్గర దిగండి. విలియం బ్రోడీ పగలు వడ్రంగుల సంఘం పెద్ద, నగరపాలక సభ్యుడు. పెద్దపెద్ద ఇళ్ళకు బీరువాలు, తాళాలు బిగించేవాడు. రాత్రి అవే తాళాలకు మారుతాళాలతో దొంగతనాలు చేసేవాడు. పన్ను కార్యాలయం మీద దాడి బెడిసికొట్టి దొరికిపోయాడు, 1788 అక్టోబరు 1న ఉరితీశారు. ఒకే మనిషిలో మంచివాడు, చెడ్డవాడు ఇద్దరూ ఉండే, స్టీవెన్సన్ రాసిన జెకిల్, హైడ్ కథకు ఈయనే ప్రేరణ. స్టీవెన్సన్ చిన్నప్పుడు ఇంట్లో బ్రోడీ చేసిన బీరువా ఉండేదట. తనను ఉరితీసిన ఉరికంబం కూడా తాను తయారుచేసినదేనని చెబుతారు.

కింద గ్రాస్‌మార్కెట్‌లో మ్యాగీ డిక్సన్స్ అనే పబ్బుంది. 1724లో ఆమెను అక్కడే ఉరితీశారు, గర్భం దాచిందన్న నేరానికి. శవపేటికను సొంతూరికి మోసుకెళుతుంటే దారిలో లోపలి నుంచి చప్పుడు. మూత తీస్తే బతికే ఉంది. శిక్ష ఒకసారి అమలైంది కాబట్టి మళ్ళీ ఉరితీయలేదు. తరువాత చాలా ఏళ్ళు బతికింది.

పాత కాగితాలు (గ్లాస్గో)

బాగా చెప్పారు. ఉరికంబం బ్రోడీ చేసినదే అన్నది మాత్రం జనం చెప్పుకునే కథ, దానికి గట్టి ఆధారం లేదు. అది కథ అనే చెప్పండి, మాస్టారు తప్పకుండా అడుగుతారు.

గ్రాస్‌మార్కెట్ పల్లంలో ఉంది, మళ్ళీ ఎక్కాలి. దాన్ని వదిలేసి రాయల్ మైల్ మీదే కిందికి రండి. హై స్ట్రీట్‌లో ఎడమ వైపు యాంకర్ క్లోజ్ అనే సందు వస్తుంది. బోర్డు చదవకుండా ముందుకు వెళ్ళిపోయే సందు అది. లోపల దిగవద్దు, నిటారుగా ఉంటుంది, పై నుంచే చూడండి. అక్కడ ఇప్పుడు పబ్బు లేదు. 18వ శతాబ్దంలో డానీ డగ్లస్ అనే ఆయన పానశాల ఉండేది. అదే సందులో విలియం స్మెల్లీ అచ్చు యంత్రం. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా మొదటి ముద్రణకు, 1768 నుంచి 1771 వరకు, సంపాదకుడు ఆయనే. 1787లో బర్న్స్ కవితల ఎడిన్‌బరో ముద్రణ అచ్చయింది ఈయన దగ్గరే. పగలు ప్రూఫులు దిద్దుకోవడం, చీకటి పడ్డాక అదే సందులోని పానశాలలో పాటలు పాడుకోవడం. బర్న్స్‌ను ఆ బృందంలోకి తీసుకెళ్ళింది స్మెల్లీయే. నన్నడిగితే ఈ ఊరి పానశాలల చరిత్రలో అన్నిటికంటే విలువైన చోటు, తాగడానికి చుక్క కూడా దొరకని ఈ సందే.

ఇంకా కిందికి వస్తే వరల్డ్స్ ఎండ్. ముందు రోడ్డు మీద ఇత్తడి దిమ్మెలు పొదిగి ఉంటాయి, నెదర్‌బో అనే కోట ద్వారం ఉండిన చోటు అది. 1764లో పడగొట్టారు. 1513లో ఫ్లాడెన్ యుద్ధంలో ఇంగ్లండ్ చేతిలో ఓడాక కట్టిన గోడ ఊరికి సరిహద్దు. అవతల వేరే పాలన, ద్వారం దాటాలంటే సుంకం కట్టాలి. బీదవాళ్ళకు లోకం అక్కడితో ఆఖరు, పేరు అలా వచ్చిందంటారు.

పక్క వీధిలోనే 1773 ఆగస్టులో ఇంగ్లీషు నిఘంటుకర్త డాక్టర్ శామ్యూల్ జాన్సన్ దిగిన సత్రం ఉండేది. నిమ్మరసం తియ్యగా లేదంటే సర్వరు జిడ్డు వేళ్ళతో చక్కెర గడ్డ తీసి గ్లాసులో వేశాడు. జాన్సన్ ఆ గ్లాసును కిటికీలోంచి బయటికి విసిరికొట్టాడు. మీ అమ్మగారికి ఈ కథ చెప్పండి, ఆమె జాన్సన్ పక్షమే వహిస్తారు.

ఒక మాట మరిచాను. కేఫ్ రాయల్‌లో పీల్ బొమ్మను వదలకండి. ఈ పీల్ బ్రిటన్ ప్రధానమంత్రి అయిన రాబర్ట్ పీల్ కాదు, అదే కుటుంబంలో ముందు తరాలవాడు. నూలుగుడ్డ మీద అచ్చు వేసే పరిశ్రమ పెట్టినవాడు. మీరు బందరు వాళ్ళు కాబట్టి చెబుతున్నాను. ఇంగ్లండ్‌లో ఆ పరిశ్రమ పుట్టిందే మన తీరం నుంచి వెళ్ళిన అద్దకం బట్టలకు పోటీగా. ఆ బట్టలకు అక్కడ ఎంత మోజంటే, తమ ఉన్ని, పట్టు నేతగాళ్ళు గోలపెట్టగా 1721లో అచ్చు నూలుగుడ్డ కట్టుకోవడాన్నే నిషేధిస్తూ చట్టం చేశారు. 1774లో గాని అది ఎత్తివేయలేదు.

బందరు వాసి (ఫాల్కర్క్)

మీరు ఇది రాయకపోతే నాకు తెలిసేదే కాదు. మా అమ్మ పుట్టిల్లు పెడన. మా తాతయ్య అచ్చులు వేసేవారు.

బందరు వాసి (ఫాల్కర్క్)

నిన్న వెళ్ళి వచ్చాం. రాత్రే రాయాలనుకున్నాను, అలసిపోయాం.

మంగళవారం, పదకొండున్నరకు గిల్డ్‌ఫర్డ్ ఆర్మ్స్ తలుపు తోశాం. అమ్మ కొంగు భుజం మీదుగా బిగించి నా వెనకే నడిచింది. లోపల ఇద్దరే ఉన్నారు, ఇద్దరూ పత్రికలు చదువుకుంటున్నారు. అమ్మ పైకప్పు చూసింది గాని ఏమీ అనలేదు.

కేఫ్ రాయల్‌లో నాన్నగారు నేరుగా వాట్ దగ్గరికి వెళ్ళారు. ముప్ఫై మూడేళ్ళు బోర్డు మీద ఆవిరి యంత్రం బొమ్మ గీసిన మనిషి. వాట్ ఆవిరి యంత్రాన్ని కనిపెట్టలేదు, అంతకు ముందే న్యూకొమెన్ యంత్రం ఉంది, ఆవిరిని వేరే పాత్రలో చల్లబరచడమే వాట్ చేసిన పని అని, గోడవైపు చెయ్యి చాపి, క్లాసులో చెప్పినట్టే నాకు చెప్పారు. కౌంటరు వెనకున్న అమ్మాయి గ్లాసులు తుడవడం ఆపి వింది. తెలుగులో ఆమెకు అర్థమైంది వాట్ అన్న పేరొక్కటే. అయినా ఆయన ముగించేదాకా కదలలేదు. తరువాత తానే వచ్చి చెక్క తెర అవతలికి తీసుకెళ్ళి కిటికీలు చూపించింది.

అమ్మకు పీల్ బొమ్మ చూపించి, పాత కాగితాలు గారు రాసినదంతా చెప్పాను. దగ్గరికి వెళ్ళింది. పలక మీద వేలు పెట్టబోయి, ముట్టుకోవచ్చా అన్నట్టు ఆ అమ్మాయి వైపు చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది. చాలాసేపు నిలబడింది. "వీళ్ళు కరక్కాయ వాడారా?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. "మీ తాత చేతులు ఎప్పుడూ కరక్కాయ వాసనే. గుడ్డ కరక్కాయ పాలల్లో ముంచి ఆరేస్తే ఇల్లంతా అదే. అన్నం కలిపి పెడితే అన్నంలో కూడా వచ్చేది" అంది. టేకు అచ్చు గుడ్డ మీద పెట్టి పిడికిలితో ఒక్క దెబ్బ కొట్టేవారట, రెండోసారి కొడితే గీత చెదిరిపోతుందట. అక్కడే ఆ మహాగని కౌంటరు మీద పిడికిలితో కొట్టి చూపించింది. ఇవన్నీ నాకు ఇంతవరకు ఎప్పుడూ చెప్పలేదు. కాఫీ చల్లారిపోయింది, మళ్ళీ తెచ్చుకున్నాం. గంటంపావు అక్కడే ఉండిపోయాం.

అందువల్ల కెనిల్‌వర్త్ వదిలేశాం. అబ్బట్స్‌ఫర్డ్‌లో కూర్చొని చేప, బంగాళాదుంప వేపుడు తిన్నాం. స్కాట్ పేర్ల సంగతి నాన్నగారు స్టేషనులోనే పట్టేశారు, లీత్ తెలుగు గారికి చెప్పమన్నారు. రాయల్ మైల్‌లో బ్రోడీ పబ్బు బయటి నుంచే చూశాం. యాంకర్ క్లోజ్ దగ్గర ఆయన సందు మొదట్లో నిలబడి "బ్రిటానికా ఇక్కడా!" అని రెండుసార్లు అన్నారు. మా స్కూలు గ్రంథాలయంలో ఆ సంపుటాలు తాళం వేసిన బీరువాలో ఉండేవి, తాళంచెవి ఆయన దగ్గరుండేది. వరల్డ్స్ ఎండ్ వరకు నడవలేకపోయాం, జాన్సన్ కథ బెంచీ మీద కూర్చొని చెప్పాను. అమ్మ జాన్సన్ పక్షమే.

లీత్ తెలుగు (ఎడిన్‌బరో)

ఆ గదికి కనీసం యాభైసార్లు వెళ్ళాను. పీల్ ముందు ఒక్కసారి కూడా ఆగలేదు. ఈ శనివారం ఉదయం దానికోసమే వెళుతున్నాను.

నెల్లూరు ఆడపడుచు (అబర్డీన్)

మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. పబ్బుల విషయంలో నా అభిప్రాయం మారలేదు. కానీ ఎడిన్‌బరో వచ్చినప్పుడు యాంకర్ క్లోజ్ మా పిల్లలకు చూపిస్తాను. ఇంకొకటి, తాతయ్య గారి అచ్చులు ఇంట్లో ఏవైనా మిగిలాయా? ఉంటే పారేయనివ్వకండి.

బందరు వాసి (ఫాల్కర్క్)

రెండు ఉన్నాయట, మామయ్య అటక మీద. ఒకటి మామిడి పిందె, ఒకటి అంచు తీగ. తీసి పెట్టమని అమ్మ ఈ ఉదయమే ఫోను చేసింది.

నాన్నగారికి ఇప్పుడు వాట్ పుట్టిన ఊరు గ్రీనక్ చూడాలని ఉందట. ఫాల్కర్క్ నుంచి రైల్లో ఎలా వెళ్ళాలి?

పాత కాగితాలు (గ్లాస్గో)

గ్లాస్గో క్వీన్ స్ట్రీట్‌లో దిగండి. అక్కడి నుంచి సెంట్రల్ స్టేషనుకు పది నిమిషాల నడక, చదునైన దారే. సెంట్రల్‌లో గూరక్ వైపు వెళ్ళే రైలు ఎక్కితే గ్రీనక్‌లో ఆగుతుంది. బయల్దేరే ముందు రోజు ఇక్కడ రాయండి, సెంట్రల్‌లో వచ్చి కలుస్తాను. మాస్టారిని న్యూకొమెన్ యంత్రం గురించి రెండు ప్రశ్నలు అడగాలి.